0.1 విలువ తెలిసినవాళ్లు కావాలి

ఆలూరు నుంచి సముద్రం చూడాలంటే రాత్రంతా బస్సులో కూర్చోవాలి. మన దగ్గర నీళ్ల గురించి మాట్లాడుకునే మాటలే వేరు. తుంగభద్ర దిగువ కాలవకు నీళ్లు వదిలారా? బోరు ఎన్ని అడుగులకు పడింది? ఈసారైనా వాన టైముకు వస్తుందా? ఇలాంటి చోట చదువుకుంటున్న మీకు ఎవరైనా వచ్చి 'సముద్రంలో ఆల్చిప్పలకు గుల్ల కట్టుకోవడం కష్టమవుతోంది' అంటే, 'అయితే నాకేంటి?' అనే అడుగుతారు. అడగాల్సిందే. చేతిలో డిగ్రీ ఉంది, ఉద్యోగం లేదు. పక్కింటి వాళ్లు మిరప కోతలకు గుంటూరు వైపు వలస వెళ్తున్నారు. ఇంత ఒత్తిడిలో ఉన్నవాళ్లను ఆల్చిప్పల మీద జాలి పడమనడం నాకూ ఇష్టం లేదు.

నేను చెప్పదలచుకున్నది వేరు. సముద్రపు నీటి రసాయనం మారిపోవడం అనే ఈ సమస్యలో చేయాల్సిన పని చాలావరకు కొలత పని, లెక్కల పని, సెన్సర్ పని. దానికి సముద్రం పక్కన పుట్టక్కర్లేదు. పైగా ఈ కథలో మన రాయలసీమ రాయికి కూడా పాత్ర ఉంది. పోస్టర్లలో నినాదాలుగా చదివి వదిలేస్తే మాత్రం ఈ పని మన చేతికి రాదు.

మన రాయీ, వాటి గుల్లా ఒకటే

మీ ఇంటి ముందో, బడి వరండాలోనో పరిచిన నాపరాయి చూడండి. బేతంచెర్ల, కొలిమిగుండ్ల, ఎర్రగుంట్ల వైపు నుంచి వచ్చే ఈ బండలు సున్నపురాయి. అందులో ముఖ్య పదార్థం కాల్షియం కార్బొనేట్. ఆల్చిప్ప, నత్త, శంఖం, పగడం కట్టుకునే గుల్ల కూడా అదే పదార్థం. తీరంలో వాటిని కాల్చి గుల్ల సున్నం చేసేవాళ్లు, మనవైపు రాయి కాల్చి రాతి సున్నం చేసేవాళ్లు. తాంబూలంలో రాసుకునేటప్పుడు రెంటికీ తేడా తెలియదు.

వంటగది గట్టు మీద కడప బండ ఉంటే, దాని మీద నిమ్మరసం చుక్క పడి తుడవకుండా వదిలేస్తే ఏమవుతుందో మీ అమ్మకు బాగా తెలుసు. నునుపు పోయి తెల్లటి మచ్చ మిగులుతుంది. నిమ్మరసంలోని ఆమ్లం రాతిని కొద్దిగా తినేసింది. అదే పనిని ప్రకృతి చాలా నిదానంగా, చాలా పెద్దగా చేసిన చోటు బెలుం గుహలు. వాన నీరు మట్టిలోంచి దిగుతూ కార్బన్ డయాక్సైడ్‌ను కలుపుకొని కార్బొనిక్ ఆమ్లంగా మారుతుంది. సోడాలో ఉండేదీ అదే, బలం తక్కువ ఆమ్లం. ఆ నీరే రాతిని కరిగిస్తూ పోయి మూడు కిలోమీటర్లకు పైగా పొడవున్న గుహను తొలిచింది. అదే గుహలో పైకప్పు నుంచి చుక్కలు పడేచోట నీటిలోని కార్బన్ డయాక్సైడ్ గాలిలోకి వెళ్లిపోతుంది, రాయి మళ్లీ పేరుకుంటుంది. కరగడం, పేరుకోవడం రెండూ ఒకే లెక్క మీద నడుస్తాయి. ఆ లెక్కను రాసేది కార్బన్ డయాక్సైడ్.

బెలుం చూసి సెల్ఫీ దిగి వచ్చిన మీకు సముద్రం ఆమ్లీకరణ సగం అర్థమైనట్టే. మిగతా సగం ఒక అంకె.

'ఆమ్లం' అనే మాటతో జాగ్రత్త

పొలానికి భూసార పరీక్ష కార్డు వచ్చిన ఇళ్లలో పీహెచ్ అనే గడి అందరూ చూసి ఉంటారు. 7 అయితే తటస్థం, అంతకంటే తక్కువైతే ఆమ్లం, ఎక్కువైతే క్షారం. 8.5 దాటితే చౌడు అంటాం, జిప్సం వేయమంటారు. సముద్రపు పైపొర నీటి పీహెచ్ ఇప్పుడు సుమారు 8.1. అంటే ఈ రోజుకీ సముద్రం క్షారమే. 'సముద్రం యాసిడ్‌గా మారిపోయింది' అని ఇంటర్వ్యూలో చెప్పారంటే విషయం తెలిసినవాళ్లు అక్కడే మిమ్మల్ని పక్కన పెట్టేస్తారు.

మరి సమస్య ఏంటి? పారిశ్రామిక విప్లవానికి ముందు ఇది సుమారు 8.2 ఉండేది. మనుషులు ఏటా గాలిలోకి వదిలే కార్బన్ డయాక్సైడ్‌లో దాదాపు నాలుగో వంతును సముద్రం పీల్చుకుంటోంది. అలా పీల్చుకుని పీల్చుకుని 0.1 తగ్గింది. ఇంతేనా అనిపిస్తుంది. కానీ పీహెచ్ లాగరిథమ్ స్కేలు. ఇంటర్‌లో లాగ్ టేబుళ్లు ఎందుకు చదివించారా అని తిట్టుకున్నవాళ్లు ఇక్కడ వాడండి. పదిని 0.1 ఘాతానికి హెచ్చిస్తే 1.26 వస్తుంది. అంటే హైడ్రోజన్ అయాన్ల సాంద్రత సుమారు 26 శాతం పెరిగింది. ఉద్గారాలు ఇలాగే ఎక్కువగా సాగితే ఈ శతాబ్దం చివరికి పీహెచ్ 7.8 దాకా దిగవచ్చని అంచనాలున్నాయి. 8.2తో పోలిస్తే అది రెండున్నర రెట్లు. అప్పటికీ 7 కంటే పైనే, అప్పటికీ క్షారమే. అయినా గుల్ల జీవులకు అది వేరే లోకం.

ఎందుకంటే గుల్ల కట్టుకోవడానికి వాటికి రెండు సరుకులు కావాలి: కాల్షియం, కార్బొనేట్. కాల్షియం సముద్రంలో కావలసినంత ఉంది. చిక్కంతా కార్బొనేట్‌తోనే. నీటిలో పెరిగిన హైడ్రోజన్ అయాన్లు కార్బొనేట్‌ను పట్టుకుని బైకార్బొనేట్‌గా మార్చేస్తాయి. ఇల్లు కట్టేవాడికి ఇసుక ఉంది, సిమెంటు మాత్రం బ్లాకులో కొనాలి అన్నట్టు ఉంటుంది పరిస్థితి. ఇల్లు కట్టలేరని కాదు, కట్టడానికి ఖర్చు పెరుగుతుంది. ఆ ఖర్చు జీవికి ఒంట్లోని శక్తి. పెరగడానికి, గుడ్లు పెట్టడానికి దాచుకున్న శక్తిని గోడ కట్టడానికి ఖర్చు పెడుతుంది.

అన్నీ ఒకేలా దెబ్బతినవు

ఇక్కడ కూడా నినాదం మనల్ని మోసం చేస్తుంది. 'గుల్ల ఉన్నవన్నీ కరిగిపోతాయి' అనేది తప్పు. అమెరికాలోని వుడ్స్ హోల్ సంస్థ పరిశోధకులు 18 జాతుల మీద చేసిన ప్రయోగం 2009లో వెలువడింది. వాటిలో 10 జాతులు గుల్ల కట్టడం తగ్గించాయి. పీత, లాబ్‌స్టర్, రొయ్య లాంటివి కొన్ని మాత్రం ఎక్కువ కార్బన్ డయాక్సైడ్ ఉన్న నీటిలో పెంకును ఇంకా మందం చేసుకున్నాయి. అంటే వాటికి మేలు జరిగిందని చెప్పలేం, ఆ మందానికి అవి వేరేచోట ఏం వదులుకున్నాయో చూడాలి. ఇంకోవైపు, దక్షిణ మహాసముద్రంలో 'సముద్రపు సీతాకోకచిలుకలు' అని పిలిచే చిన్న నత్తల గుల్లలు, బతికుండగానే కరుగుతున్నట్టు 2012లో శాస్త్రవేత్తలు చూపించారు. వాటి గుల్ల అరగొనైట్ అనే రకం, కాల్సైట్ కంటే తేలిగ్గా కరుగుతుంది.

ఏ జీవి, ఏ వయసు, ఏ రకం గుల్ల, ఎంత తిండి దొరుకుతోంది అనేదాన్ని బట్టి జవాబు మారుతుంది. అందుకే ఈ రంగంలో భయపెట్టేవాళ్ల కంటే లెక్కపెట్టేవాళ్ల అవసరం ఎక్కువ.

మన తీరం సంగతి

మన రాష్ట్రానికి సుమారు వెయ్యి కిలోమీటర్ల తీరం ఉంది. కాకినాడ తీరంలో గుల్లలు ఏరి బతికే కుటుంబాలున్నాయి. రొయ్యల సాగులో ఆంధ్రప్రదేశ్ దేశంలో ముందుంది. బంగాళాఖాతానికి తనదైన చిక్కు ఒకటుంది. గోదావరి, కృష్ణా, గంగ లాంటి నదులు వానాకాలంలో తెచ్చి పోసే మంచినీళ్లు సముద్రపు ఉప్పును పలచన చేస్తాయి. దానితోపాటు ఆమ్లాన్ని తట్టుకునే క్షార శక్తి కూడా పలచబడుతుంది. విశాఖలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ ప్రాంతీయ కేంద్రం శాస్త్రవేత్తలు 2015లో ప్రచురించిన అధ్యయనం మరో కోణం చూపింది. తీరప్రాంత బంగాళాఖాతంలో ఆమ్లత మార్పును గాలి కాలుష్యంతో ముడిపెట్టింది. పొగతో వచ్చే సల్ఫేటు, నైట్రేటు రేణువులు నీటిలో పడటం దీనికి కారణమని చూపింది. అంటే మన తీరం లెక్క కార్బన్ డయాక్సైడ్ ఒక్కదానితో తేలదు. హవాయిలోనో కాలిఫోర్నియాలోనో కొలిచిన అంకెలు తెచ్చి కాకినాడకు అతికిస్తే కుదరదు. ఇక్కడి అంకెలు ఇక్కడే పుట్టాలి.

రొయ్యల చెరువుకూ సముద్రానికీ తేడా కూడా తెలుసుకోండి. చెరువులో పీహెచ్ రోజులోనే పైకీ కిందికీ ఊగుతుంది. పగలు నాచు కార్బన్ డయాక్సైడ్ వాడుకోవడంతో పెరుగుతుంది, రాత్రి అన్నీ ఊపిరి వదలడంతో తగ్గుతుంది. తెల్లవారుజామున కొలిచిన అంకె, మధ్యాహ్నం మూడింటికి కొలిచిన అంకె ఒకటి కావు. చెరువు సమస్యను సముద్రం ఖాతాలో రాయకూడదు. కానీ రొయ్య పిల్లల్ని పుట్టించే హేచరీలు నేరుగా సముద్రపు నీళ్లే తోడుకుంటాయి. ఆ నీళ్ల రసాయనం వాటికి నేరుగా డబ్బుతో ముడిపడిన విషయం.

ఒక హేచరీ, ఒక సెన్సర్

దీనికి అసలైన ఉదాహరణ అమెరికాలోని ఒరెగాన్ తీరంలో ఉంది. అక్కడి విస్కీ క్రీక్ హేచరీలో 2007 తర్వాత ఆల్చిప్ప పిల్లలు కుప్పలుగా చనిపోయాయి. ముందు బ్యాక్టీరియా అనుకున్నారు. చివరికి దొంగ దొరికింది నీటి రసాయనంలో. గాలి వీచే తీరును బట్టి లోతుల్లోంచి పైకి వచ్చే చల్లటి నీటిలో కార్బన్ డయాక్సైడ్ ఎక్కువగా ఉంది. గుడ్డు నుంచి వచ్చిన ఆల్చిప్ప పిల్ల మొదటి రెండు రోజుల్లోనే తన తొలి గుల్ల కట్టుకోవాలి. అప్పటికి అది తిండి తినడం కూడా సరిగా మొదలుపెట్టదు, గుడ్డులోని కొవ్వుతోనే నెట్టుకురావాలి. సరిగ్గా ఆ రెండు రోజుల్లో నీరు బాగాలేకపోతే పిల్ల అక్కడే ఆగిపోతుంది.

విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలతో కలిసి వాళ్లు చేసిన పని చూడండి. నీరు లోపలికి వచ్చేచోట నిరంతరం కొలిచే పరికరాలు పెట్టారు. నీరు బాగున్న వేళ చూసి తోడుకున్నారు. బాగాలేనప్పుడు సోడా యాష్, అంటే సోడియం కార్బొనేట్ కలిపి సరిచేశారు. ఉత్పత్తి మళ్లీ కోలుకుంది. ఇందులో కొత్త సిద్ధాంతమేమీ లేదు. సెన్సర్, డేటా లాగర్, డోసింగ్ పంపు, వాటిని నడిపే లాజిక్. ఈసీఈ, ట్రిపుల్‌ఈ, కెమిస్ట్రీ, సీఎస్‌ఈ చదివే మీలో ఎవరికైనా ఇది అంతుచిక్కని పనా?

ఇప్పుడు అసలు చిక్కుకు వద్దాం. మార్కెట్లో దొరికే మామూలు పెన్ను లాంటి పీహెచ్ మీటర్ తప్పు చూపే అవకాశం 0.1 అటూ ఇటూ ఉంటుంది. రెండు వందల ఏళ్లలో సముద్రంలో వచ్చిన మొత్తం మార్పు కూడా 0.1. మన మీటర్ తప్పూ, ప్రపంచం మొత్తం చేసిన మార్పూ ఒకే అంకె! కాబట్టి ఈ సమస్యలో కొలవడమే పెద్ద ఇంజినీరింగ్. ఈ కారణంగానే సముద్రపు పీహెచ్ కొలిచే మంచి సెన్సర్ కోసం 20 లక్షల డాలర్ల బహుమతులతో ఎక్స్‌ప్రైజ్ సంస్థ పోటీ పెట్టింది. 2015లో మొదటి బహుమతులు రెండూ గెలిచింది సన్‌బర్స్ట్ సెన్సర్స్ అనే చిన్న కంపెనీ. దాని ఊరు మోంటానా రాష్ట్రంలోని మిజూలా. మోంటానాకు సముద్ర తీరమే లేదు. 'మనది ఎండిన సీమ, మనకెందుకు' అనేవాళ్లకు ఇంతకంటే జవాబు నా దగ్గర లేదు.

సున్నం కలిపితే పోదా?

మనవైపు కుర్రాళ్లకు తప్పకుండా వచ్చే ప్రశ్న ఇది. సున్నపురాయి మన దగ్గర కొండలుగా ఉంది, కాల్చి సముద్రంలో కలిపితే సరిపోదా? ఆలోచన పిచ్చిదేం కాదు, సముద్రం క్షార శక్తిని పెంచే పద్ధతుల మీద ప్రపంచంలో పరిశోధనలు జరుగుతున్నాయి. కానీ లెక్క వేయండి. వంద గ్రాముల కాల్షియం కార్బొనేట్ కాల్చితే 56 గ్రాముల సున్నం వస్తుంది, 44 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ పోతుంది. అంటే టన్ను సున్నం తయారయ్యేలోపే రాతిలోంచే 785 కిలోల కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలుస్తుంది. బొగ్గు పొగ దీనికి అదనం. ఆ వాయువును బట్టీ దగ్గరే పట్టి ఉంచలేకపోతే, సముద్రంలో దక్కాల్సిన ఫలంలో పెద్ద భాగం బట్టీ దగ్గరే పోయినట్టు. హేచరీ తొట్టికి పనికొచ్చిన మందు బంగాళాఖాతానికి పనికిరావాలని లేదు.

ఇదే లెక్క సిమెంటుకూ వర్తిస్తుంది. ఎర్రగుంట్ల, కొలిమిగుండ్ల, తాడిపత్రి వైపు ఫ్యాక్టరీల్లో మన సీమ పిల్లలు ఎంతోమంది పనిచేస్తున్నారు. బొగ్గు బదులు రేపు సోలార్ పెట్టినా, రాతిలోంచి వచ్చే 44 భాగాలు ఆగవు. ఎన్నో కోట్ల ఏళ్లుగా రాతిలో బందీగా ఉన్న కార్బన్ మన చేతుల మీదుగా గాలిలోకి, అక్కడి నుంచి కొంత సముద్రంలోకి పోతోంది. ఫ్యాక్టరీలు మూసేయమని నేను అనను. సీమలో ఉన్న కాసిన్ని పరిశ్రమల్లో అది ఒకటి, సిమెంటు లేకుండా ఇళ్లూ కట్టలేం. కానీ ఎంత పోతోందో కచ్చితంగా లెక్కపెట్టి తగ్గించే పని మనవాళ్లే నేర్చుకోవాలంటాను. 2023లో కేంద్రం నోటిఫై చేసిన కార్బన్ క్రెడిట్ ట్రేడింగ్ పథకం పరిధిలో సిమెంటు రంగం ఉంది. ఉద్గారాల లెక్కలు రాసే, సరిచూసే మనుషులు ఫ్యాక్టరీలకు కావాలి. ఆ కుర్చీలో బయటి నగరం నుంచి వచ్చిన కన్సల్టెంటు కూర్చోవాలా, ఆలూరు డిగ్రీ కాలేజీ కెమిస్ట్రీ విద్యార్థి కూర్చోవాలా అన్నది మన సిద్ధపాటును బట్టి ఉంటుంది.

ఉద్యోగాల మాట, ఉన్నదున్నట్టు

ఒట్టి ఆశ పెట్టను. సముద్ర రసాయన శాస్త్రంలో వేల ఉద్యోగాలు లేవు. ఉన్నవాటిలో చాలా ప్రాజెక్టు పోస్టులు, కాలపరిమితి ఉన్నవి. సాఫ్ట్‌వేర్ ఫ్రెషర్‌తో పోల్చి జీతం చూసుకుంటే నిరాశ పడతారు. కానీ దారులున్నాయి.

హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ 1999 నుంచి సముద్ర సమాచారం మీద పనిచేస్తోంది. మత్స్యకారులకు చేపలు దొరికే చోట్ల సూచనలు, సునామీ హెచ్చరికలు ఇచ్చేది అదే. సముద్రంలో తేలుతూ కొలతలు పంపే ఆర్గో ఫ్లోట్ల డేటా ఎవరైనా ఉచితంగా తీసుకోవచ్చు. పైథాన్ వచ్చినవాళ్లకు ఇంతకంటే మంచి ప్రాక్టీసు డేటా ఏముంటుంది? ఇన్‌కాయిస్ ఆవరణలోనే అంతర్జాతీయ శిక్షణ కేంద్రం ఉంది, కోర్సుల ప్రకటనలు చూస్తూ ఉండండి. చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థలో పరికరాల పని ఉంటుంది. కేంద్రం 2021లో 4,077 కోట్ల రూపాయల అంచనాతో డీప్ ఓషన్ మిషన్‌కు ఆమోదం తెలిపింది. కెమిస్ట్రీ పీజీ చేసినవాళ్లకు నెట్ జేఆర్‌ఎఫ్ ద్వారా విశాఖ కేంద్రం లాంటి చోట పరిశోధన దారి ఉంది. బైపీసీ తమ్ముళ్లు, చెల్లెళ్లు ఫిషరీస్ డిగ్రీ గురించి ఒకసారి ఆలోచించండి. ఇక హేచరీలు, ఆక్వా ల్యాబులు, రొయ్యల ఎగుమతి కంపెనీలు ఉండనే ఉన్నాయి. అక్కడ పీహెచ్, ఆల్కలినిటీ తేడా తెలిసిన మనిషికి విలువ ఉంటుంది.

ఈ సెమిస్టర్‌లోనే మొదలుపెట్టండి

ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు కోసం బయట డబ్బిచ్చి కొనే బదులు ఇది చేయండి. ఒక పీహెచ్ ప్రోబ్, ఒక ఉష్ణోగ్రత సెన్సర్, ఒక మైక్రోకంట్రోలర్ తీసుకోండి. 4, 7, 10 బఫర్లతో కాలిబ్రేట్ చేయండి. కాలవ నీరు, బోరు నీరు, ఆర్వో ప్లాంటు వదిలేసే నీరు మూడింటినీ నెల రోజులు, రోజుకు మూడు పూటలా కొలవండి. వారం తిరిగేసరికి ప్రోబ్ ఎంత తప్పుతోందో మళ్లీ బఫర్లో పెట్టి రాసుకోండి. వచ్చిన అంకెతో పాటు అందులో ఎంత తప్పు ఉండొచ్చో కూడా రిపోర్టులో రాయండి. ఒక గ్లాసు నీటిలోకి స్ట్రాతో ఊపిరి ఊది పీహెచ్ ఎలా పడిపోతుందో గ్రాఫ్ గీయండి. ఆ నీటిలో నాపరాయి పొడి కలిపి పీహెచ్ ఎక్కడ తేలుతుందో చూడండి. ఖర్చు నలుగురు పంచుకుంటే భరించగలిగేదే.

కాలేజీ యాజమాన్యాలకూ ఒక మాట. ఎన్విరాన్‌మెంటల్ స్టడీస్ పేపర్‌ను గైడు చదివి పాసయ్యే సబ్జెక్టుగా ఉంచకండి. ల్యాబులో ఉన్న పీహెచ్ మీటర్‌ను ఇన్‌స్పెక్షన్ రోజున మాత్రమే బయటికి తీస్తే అది పిల్లలకు ఏం నేర్పుతుంది?

రేపు ఏ ఇంటర్వ్యూలోనైనా 'మీ ప్రాజెక్టు ఏంటి' అని అడుగుతారు. 'పీహెచ్ కొలిచాను, నా కొలతలో ఇంత తప్పు ఉంది, దాన్ని ఇలా తగ్గించాను' అని చెప్పగలిగిన అభ్యర్థిని ఆక్వా ల్యాబు వాళ్లూ, సిమెంటు ఫ్యాక్టరీ వాళ్లూ, సెన్సర్ కంపెనీ వాళ్లూ ఇంకో పది నిమిషాలు ఎక్కువ కూర్చోబెడతారు. ముందు ఆ బఫర్ ద్రావణాలు కొనుక్కోండి.